ఎల్‌పాసో మీద బెంగ తీరాలంటే ముందు మిరపకాయలు కాల్చండి

మీ ప్రశ్న ఇదీ: "ఎల్‌పాసోలో ఎమ్మెస్ చేసి ఉద్యోగానికి డాలస్ వచ్చాం. అక్కడే పుట్టి పెరిగిన సహోద్యోగి రోజూ ఆ ఊరినే తలుచుకుంటాడు. ఇప్పుడు మాకూ అదే పట్టుకుంది. మెక్సికో సరిహద్దు ఊళ్ల మీద ఈ బెంగ ఎందుకు, పోయే దారుందా?"

ఎందుకన్నది తర్వాత చూద్దాం. అందులో సగం తిండి బెంగే, అది డాలస్‌లోనే తీరుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలలు మాత్రం వదులుకోకండి.

ఎల్‌పాసోకి ఎగువన, దాదాపు 80 మైళ్ల దూరంలో, న్యూమెక్సికోలో హ్యాచ్ అనే చిన్న ఊరుంది. ఆ లోయ మిరప దిగే రోజుల్లో ఎల్‌పాసో కిరాణా కొట్ల ముందు ఇనుప జాలీ డ్రమ్ములు వెలుస్తాయి. గ్యాసు మంట పెట్టి, బస్తా గుమ్మరించి తిప్పుతారు. తొక్కలు చిటపటలాడుతూ నల్లబడతాయి, ఆ కమురు వాసన వీధి చివరిదాకా వస్తుంది. మీ సహోద్యోగి కళ్లు మూసుకుని పీల్చేది ఆ వాసననే, పందెం కాస్తాను.

ఆగస్టులో డాలస్ పెద్ద కొట్లలోనూ ఈ కాయలు పెడతారు. బస్తా 25 నుంచి 30 పౌండ్లు ఉంటుంది, ఇద్దరున్న ఇంటికి ఏడాదికి సరిపోతుంది. "గుంటూరు మిర్చి తిన్నవాళ్లం" అని పంతానికి పోకండి, దీని గొప్పతనం కారంలో లేదు, కండలో ఉంది. 'బిగ్ జిమ్' రకం అడగండి. న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీలో రాయ్ నకయామా తయారుచేసి 1975లో విడుదల చేసిన కాయ అది. జానెడు పైన పొడవు, మందమైన కండ, ఓ మోస్తరు కారం. కారమే కావాలంటే 'శాండియా' రకం.

డ్రమ్ము దొరక్కపోతే ఓవెన్‌లో పైమంట (బ్రాయిల్) పెట్టి, రెండు మూడు అంగుళాల కింద కాయలు ఒక్క వరసగా పరవండి. ముందు ఒక్కో కాయకీ చాకుతో చిన్న గాటు పెట్టాలి, లేకపోతే లోపలి ఆవిరికి టప్పున పేలి గింజలు ఓవెన్ నిండా చిమ్ముతాయి. తిప్పుతూ ఆరేడు నిమిషాలు కాల్చాక మూతపెట్టిన గిన్నెలో ఓ పావుగంట ఉమ్మగిలనివ్వండి. అప్పుడు పచ్చడికి కాల్చిన వంకాయ తొక్క వలిచినట్టే ఊడొస్తుంది. అందరూ చేసే తప్పు ఇక్కడే: పంపు కింద పెట్టి కడుగుతారు. తొక్కతోపాటు పొగ రుచీ తొట్టిలోకి పోతుంది. చేతులు తడి చేసుకుంటూ వలవండి, అక్కడక్కడా నల్ల మచ్చలుంటే ఉండనివ్వండి. ఫ్రీజర్‌లో దాచే కాయలైతే అసలు వలవకండి, తొక్కతోనే పెడితే రుచి నిలుస్తుంది, కరిగాక తొక్క ఇంకా తేలిగ్గా వస్తుంది. కానీ కాల్చిన వేడి కాయల సంచి అలాగే రాత్రంతా వదిలేస్తే పాడవుతుంది. రెండు గంటల్లోపు చల్లార్చి లోపల పెట్టెయ్యాలి. చేతికి గ్లవుజులు వేసుకోండి, మన మిరపకాయలతో పడ్డ పాట్లే ఇక్కడానూ.

ఇక టోర్టిల్యా, అంటే మెక్సికన్ల రొట్టె. ఆ ఉత్తర మెక్సికో నేల గోధుమ నేల, అక్కడ ఇంట్లో గోధుమ టోర్టిల్యాకే మర్యాద. మనవాళ్లు చపాతీ పిండితో చేసి "ఆ రుచి రాలేదు" అంటారు, ఎలా వస్తుంది? అర కిలో మైదా, 100 గ్రాముల పంది కొవ్వు (తినకపోతే వనస్పతి, రుచి కాస్త తగ్గుతుంది), ఒకటిన్నర టీచెంచా ఉప్పు, టీచెంచా బేకింగ్ పౌడరు. కొవ్వు పిండిలో రవ్వలా కలిసేదాకా నలిపి, దాదాపు 280 మిల్లీలీటర్ల వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోసి కలపండి. చల్లనీళ్లు పోస్తే ఒత్తినప్పుడల్లా వెనక్కి ముడుచుకుంటుంది. అరగంట నాననిచ్చి, బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపు అరనిమిషం. పుల్కాలా గుడ్డతో అదమకండి. తీయగానే గుడ్డలో చుట్టండి, లేకపోతే అప్పడమే.

డాలస్‌లో టెక్స్‌మెక్స్ (టెక్సస్ తరహా మెక్సికన్ వంట) పేరుతో పోసే పసుపు చీజు వరదని ఎల్‌పాసో తిండి అనుకునేవాళ్లకి ఓ దణ్ణం. ఆ ఊరి మిరప కూరలో పడాల్సింది తెల్ల అసాడెరో చీజు. పసుపు చీజు అక్కడ చెల్లేది 1953 నాటి చికోస్ టాకోస్ హోటల్లో: చుట్టిన టాకోల మీద పల్చటి టమాటా రసం, పైన చీజు తురుము. బయటి ఊరివాళ్లకి ఎక్కదు.

ఆ ఊరి బెంగలో వాన వాసన కూడా ఒకటి. ఏడాదికి తొమ్మిది అంగుళాల వాన పడే చోట మన మట్టివాసన ఉండదు, క్రియోసోట్ అనే ఎడారి పొద వాసన వస్తుంది. ఎండిన కొమ్మ ఒకటి స్నానాలగదిలో వేలాడదీసి వేడినీళ్లు వదలండి, సరిగ్గా అదే వాసన. దాంతో కషాయం మాత్రం కాయకండి, లివరుకి చెడ్డది.

ఇప్పుడు వంటింట్లో తీరని సగం. ఆ ఊరి పాతకాపులు బెంగపడేది సరిహద్దు వంతెన గురించి. చిల్లర వేసి, అవతల మెక్సికో వైపున్న హ్వారెస్‌కి నడిచెళ్లి, భోంచేసి, తిరిగొచ్చేటప్పుడు అధికారితో "అమెరికన్" అంటే సరిపోయేది. 2008 జనవరి 31 నుంచి నోటిమాట చెల్లలేదు, 2009 జూన్ 1 నుంచి పాస్‌పోర్టో దాని సాటి కార్డో తప్పనిసరి అయింది. అదే కాలంలో హ్వారెస్‌లో హత్యలు పెచ్చుమీరాయి, 2010 ఒక్క ఏడాదిలో 3,000 దాటాయి. అలవాటు తెగిపోయింది. ఒక ఊరు రెండయింది, అంతే. సరిహద్దు గోడ వల్లే అంతా అంటారు గానీ, నా లెక్కలో ఊరిని చీల్చింది కాగితాలే.

ఈసారి వెళ్తే నడిచే దాటండి, పాసో దెల్ నోర్తే వంతెన మీదుగా. దిగగానే హ్వారెస్ అవెన్యూ. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకి మెక్సికో వేరే వీసా అడగదు. చాలామంది బోల్తాపడేది ఇక్కడ: పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు తీరినా 30 రోజుల్లోపు తిరిగి రానిచ్చే వెసులుబాటు అమెరికా వైపుది, మెక్సికో వైపుది కాదు. కాబట్టి ముందు స్టాంపు తేదీ చూసుకోండి. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు), మీ హోదా కాగితాలు దగ్గరుంచుకోండి. తిరుగుదారిలో గేటు దగ్గర వెయ్యడానికి పెసోల చిల్లర దాచండి. అసాడెరో తెచ్చుకోండి, అడగకముందే చెప్పండి. జామపళ్లు, పంది మాంసం బొలోనా మాత్రం వద్దు, వంతెన దగ్గరే తీసేసుకుంటారు.