హిమానీనదాల అఖాతంలో కయాక్

ప్రశ్న: సియాటిల్‌లో ఉంటున్న మా అబ్బాయి, జూలైలో అలాస్కాలోని గ్లేసియర్ బేలో కయాక్ నడుపుదాం రమ్మంటున్నాడు. తిమింగలాలు పడవ దగ్గరకే వస్తాయట. భయపడాల్సిన పని ఉందా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అవి రావచ్చు గానీ, మీరుగా వాటి దగ్గరకు వెళ్లకూడదు. గ్లేసియర్ బే ఒక జాతీయ పార్కు; ఆ పార్కు జలాల్లో హంప్‌బ్యాక్ తిమింగలానికి పావు నాటికల్ మైలు, అంటే సుమారు 460 మీటర్ల దూరం పాటించాలన్నది నిబంధన. అనుకోకుండా అది దగ్గరలోనే పైకి తేలితే మెల్లగా పక్కకు తొలగిపోవాలి. తెడ్డు ఆపి కూర్చుంటే, ఆ నిశ్శబ్దంలో తిమింగలం కంటపడకముందే అది బుస్సుమని వదిలే ఊపిరి చెవిన పడుతుంది. మంచు పలకల మీద పిల్లలతో పడుకున్న సీళ్లు బెదిరి నీళ్లలోకి దూకితే తల్లీపిల్లా విడిపోయే ప్రమాదం ఉంది కనుక వాటికీ దూరంగానే ఉండాలి.

నన్నడిగితే, భయపడవలసింది జంతువులకు కాదు, నీటికి. నడివేసవిలోనూ అది ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది. పైగా మీ కాకినాడ తీరంలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. అక్కడ ఒక్కోసారి ఏడు మీటర్లు దాటుతుంది. సాయంత్రం ఒడ్డున వదిలేసిన కయాక్ తెల్లారేసరికి కొట్టుకుపోకుండా ఉండాలంటే, దాన్ని పోటు గీతకు బాగా పైకి మోసుకెళ్లి కట్టేయాలి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి, తిండి పదార్థాలను అవి తెరవలేని గట్టి డబ్బాల్లోనే ఉంచాలి.