నాన్నగారి స్కాన్ రిపోర్టు గురించి

చిరంజీవి బాబుకి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. రాత్రంతా నెట్‌లో వెతుకుతూ కూర్చున్నావని అక్క చెప్పింది. ఆ పని మానెయ్యి నాన్నా. ఛాతీ వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి తెలుసుకున్నది రాస్తున్నాను, మిగతాది డాక్టరుగారిని అడుగు.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో 7 మిల్లీమీటర్ల నాడ్యూల్ అన్నారు. అంటే శనగగింజంత మచ్చ. నాడ్యూల్ అన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు. మన దగ్గర చాలామందికి టీబీ వచ్చి మానిన మచ్చలుంటాయి. రిపోర్టులో 'ఓల్డ్ కాక్స్' అన్నా టీబీయే, ఆ క్రిమిని 1882లో కనిపెట్టిన కాక్ పేరు అది. బావగారి మచ్చ అంచులు నున్నగా ఉన్నాయట, అది కాస్త మంచి మాటే. ముళ్లుముళ్లుగా ఉంటే అనుమానం ఎక్కువ. కానీ ఆయన ఏళ్ల తరబడి చుట్ట కాల్చారు. "మానేశారుగా" అని అక్క ఆ మాట ఎత్తనివ్వదు. డాక్టరుకి నువ్వే చెప్పు.

మళ్లీ స్కాన్‌కి ఆరు నెలలు ఆగమన్నారు కదా, ఈలోగా ముదిరిపోదా అని అడిగావు. 6 నుంచి 8 మిల్లీమీటర్ల గట్టి (సాలిడ్) మచ్చకి 6 నుంచి 12 నెలల్లో మళ్లీ సీటీ తీయడమే పద్ధతి. ఇంత చిన్నదాన్ని సూదితో అందుకుని పరీక్షకి ముక్క తీయడం కష్టం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదమూ ఉంది. క్యాన్సర్ ఉన్నచోటు వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో ఈ సైజు సరిగా తెలియదు, పైగా టీబీ ఉన్నా వెలుగుతుంది.

ఇప్పుడు అసలు పని. పాత ఫిల్ములు వెతుకు. మీ బాబాయికి ఇలాగే మచ్చ ఉందన్నప్పుడు మూడు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నాలుగో రోజు బీరువా మీద పాత క్యాలెండర్లతో కలిపి చుట్టేసిన సీటీ ఫిల్ము దొరికింది, మూడేళ్ల కిందట నిమోనియాకి తీసింది. తేమకి రెండు షీట్లు అతుక్కుపోయాయి. మెల్లగా విడదీసి కిటికీకి పట్టి చూశాను, నాకేం అంతుపట్టలేదు. డాక్టరుగారు లైట్‌బాక్సు మీద కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి కొలిచారు. అదే చోటు, అదే సైజు, మూడేళ్లలో పెరగలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కడుపునిండా తిన్నాం.

కోవిడ్ అప్పుడు బావగారికి సీటీ తీశారు కదా, ఆ సీడీ ఏదో అక్కనడుగు. లేకపోతే తీసిన సెంటర్‌కి వెళ్లు, కొన్నిచోట్ల కంప్యూటర్లో ఉంచుతారు. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, బొమ్మలు కావాలి. ఒకరు 7 అంటే ఇంకొకరు 8 అంటారు. 2 మిల్లీమీటర్లలోపు తేడా కొలతలోనే రావచ్చు, దానికి టెన్షన్ పడొద్దు.

ఈసారి కూడా అదే సెంటర్‌లో, తక్కువ డోసు స్కాన్ తీయమని అడుగు. తేదీ గోడ క్యాలెండర్‌లో ఇప్పుడే రాసి పెట్టు, బాగానే ఉన్నానంటూ ఆయన ఎగ్గొట్టగలరు. ఈలోగా దగ్గులో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా ఆరు నెలలు ఆగకు, మర్నాడే తీసుకెళ్లు. రెండు వారాలు దాటి దగ్గుంటే ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితంగా చేస్తారు. పరీక్ష లేకుండా టీబీ మాత్రలు మొదలెడతామంటే ఎందుకని అడుగు.

సీడీ దొరకగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్వాలేదు.

ఇట్లు,
పిన్ని