వాకర్ వద్దు, గీరల బండికి తొందర లేదు

ప్రశ్న: డాక్టరమ్మా, మా మన్మనికి పది నెలలు నిండినయి. పాకుతలేడు, పిర్రల మీదనే ఇల్లంత జరుగుతడు. మంచం పట్టుకొని లేస్తుండు. నడక తొందరగ వస్తదని బిడ్డ హైదరాబాద్‌ల వాకర్ కొన్నది. మా ఆయనేమో వడ్లాయనతోని మూడు గీరల బండి చేయిస్త అంటుండు. ఏది మంచిది?
– ఒక అమ్మమ్మ, దేవరకొండ

జవాబు: అమ్మా, ఈ పంచాయితీలో నేను మీ ఆయన దిక్కే. కాకపోతే బండి ఇప్పుడే కాదు. మంచం పట్టుకుని పక్కకు అడుగులు వేయడం మొదలయ్యాక ఇవ్వండి. కాస్త బరువుగా ఉండాలి, లేకుంటే ముందుకు ఉరికి పిల్లాణ్ణి పడేస్తుంది.

వాకర్‌లో పిల్లాడు నడవడు. సీటులో వేలాడుతూ మునివేళ్లతో నేలను తంతాడు, అంతే. నడకంటే కాళ్ల సత్తువ ఒక్కటే కాదు గదా. ఒరిగిపోతున్న సంగతి లోపలి చెవి పట్టాలి, అరికాలు నేలను పసిగట్టాలి, ఆ రెండు కబుర్లూ అందుకుని చిన్నమెదడు నడుమునూ మోకాళ్లనూ సర్దాలి. పడబోయి నిలదొక్కుకున్నప్పుడల్లా మెదడుకు ఆ సాధన జరుగుతుంది. వాకర్‌లో పడబోవడమే ఉండదు. పైగా అది సెకనుకు మీటరు పైగానే దూసుకుపోతుంది, మీరు పొయ్యి దగ్గర నుంచి లేచేలోపు మెట్ల మీదుంటాడు. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. డబ్బులు పోతే పోయాయి, ఇంకొకరికి మాత్రం ఇవ్వకండి.

కొందరు పాకకుండానే నడుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సొంత నడక వచ్చే వయసు సుమారు 8 నుంచి 18 నెలలు. పిర్రల మీద జరిగేవాళ్లు కాస్త ఆలస్యం చేస్తారు. మన దిక్కు దానికీ ఫ్లోరైడ్ నీళ్లనే తిడతారు, కానీ అది ఎముకలను వంచేది ఏళ్ల తరబడి తాగితేనే. ఒక చెయ్యే వాడుతూ రెండోది పిడికిలి బిగిస్తున్నా, నేర్చినవి మరిచిపోతున్నా, 18 నెలలకూ నడవకపోయినా ఆగొద్దు. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) డాక్టర్లకు చూపించండి.

నా భయమంతా మీ సంపు గురించి. ఈ వయసులో తల బరువెక్కువ. బకెట్లోకి తొంగిచూస్తే తలకిందులుగా పడతాడు, జానెడు నీళ్లున్నా లేవలేడు. సంపు మూతకు తాళం వేయండి, బకెట్లు బోర్లించండి. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానండి. ఎప్పుడైనా పిల్లాడు తాగాడని అనుమానమొస్తే ఉప్పునీళ్లు పట్టకండి, వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.