గట్టు ఎక్కడ వేయాలో మ్యాపు చెబుతుందా?

ప్రశ్న: మాది నాలుగెకరాల మెట్ట పొలం, కాస్త వాలుగా ఉంటుంది. గట్టి వాన పడితే పైమట్టి కొట్టుకొచ్చి కింది మూలలో మేట వేస్తోంది. గట్టు వేస్తే ప్రతిసారీ ఒకేచోట తెగుతోంది. ఉపగ్రహ మ్యాపులు చూసి గట్లు వేసుకోవచ్చని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? డ్రోన్ సర్వే చేయించాలా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది సగం నిజమండీ. గట్టు ఒకేచోట తెగుతోందంటే పైనున్న పొలాల నీళ్లన్నీ అక్కడికే చేరుతున్నట్టు లెక్క, ఎంత మట్టి పోసినా ఆగదు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మ్యాపు బాగా చూపిస్తుంది. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది, దాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏ మెరక నీళ్లు ఏ పల్లంలోకి దిగుతున్నాయో గీతలు గీసి చూపిస్తుంది. ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 40 వేల లీటర్లు. మీ పైన పదెకరాలు ఉండి అందులో సగం ఇంకిపోయినా, 2 లక్షల లీటర్లు మీ గండి మీదికే వస్తాయి!

కానీ ఆ మ్యాపు చూసి గట్టుకు ముగ్గు పోయొద్దు. అందులో ఒక్కో గడి (ఒకే ఎత్తుగా చూపించే చదరం) పొడవూ వెడల్పూ దాదాపు 30 మీటర్లు, అంటే ఎకరానికి నాలుగైదు గడులే. ఎత్తులో మీటర్ల తేడా కూడా రావచ్చు. ఫోన్ జీపీఎస్ కూడా ఎత్తు విషయంలో నమ్మదగ్గది కాదు. గట్టుకేమో సెంటీమీటర్ల లెక్క కావాలి. దానికి తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు: రెండు కర్రలకు ఒకే ఎత్తులో గుర్తులు పెట్టి, నీళ్లు నింపిన పైపు చివరలు వాటికి కట్టి, ఒక కర్రను కదలకుండా ఉంచి రెండోదాన్ని నీటిమట్టం రెండువైపులా గుర్తుకు సరిపోయేదాకా జరుపుతూ మేకులు కొట్టుకుంటూ పోండి. బుడగలు లేకుండా చూసుకోవాలి, లేదంటే లెక్కంతా తప్పు. ఆ మేకుల వరసే మీ కాంటూరు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత), గట్టు దాని మీదే వేయండి. దుక్కి కూడా దాని వెంటే దున్నితే ప్రతి సాలూ ఒక చిన్న గట్టులా నీటిని ఆపుతుంది.

ఇక తెగే చోటును మూసెయ్యకండి. వెడల్పుగా, లోతు తక్కువగా కాలువ తీసి గడ్డి పెంచండి, నీళ్లు మట్టిని కోయకుండా దిగిపోతాయి.

నాలుగెకరాలకు డ్రోన్ దండగ. చుట్టుపక్కల రైతులంతా కలిసి చేయించుకుంటే మాత్రం మంచిదే, అదీ కోతలయ్యాక. పైరు ఉంటే కెమెరాకు పైరు తలలే కనిపిస్తాయి, నేల కాదు.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం తగ్గిన చోట మట్టి పోయినట్టేనా?

జవాబు: ఒక్క చిత్రం చూసి టెన్షన్ పడొద్దు. తెగులు వచ్చినా, నీళ్లు నిలిచినా అలాగే కనిపిస్తుంది. సెంటినెల్-2 అనే ఉపగ్రహాల చిత్రాలు మబ్బు లేకపోతే దాదాపు ఐదు రోజులకోసారి ఉచితంగా వస్తాయి, రెండు మూడు పంటలవి పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతిసారీ వాలు పైభాగమే పాలిపోతుంటే పార తీసుకెళ్లి పైన ఒక గుంట, కింద ఒక గుంట తవ్వి, నల్లటి పైమట్టి ఎక్కడ ఎంత లోతుందో కొలవండి.