మావారు రాత్రిళ్లు లారీలు ఆపడానికి వెళ్తున్నారు

ప్రశ్న: బొబ్బిలి దగ్గర ఉంటాం. మావారు పశువైద్యులుగా చేసి రిటైరయ్యారు. ఈమధ్య ఒక అతివాద గుంపులో తిరుగుతున్నారు. అలమండ సంత నుంచి పశువులతో వెళ్లే లారీలను కుర్రాళ్లతో కలిసి ఆపుతున్నారు. ఒక మతం వాళ్లందరినీ నోటికొచ్చినట్టు తిడుతున్నారు. మొన్నొక వీడియో చూశాను. డ్రైవర్ని రోడ్డు మీద కూర్చోబెట్టి కొడుతుంటే, ఈయన టార్చి వేసి, వయసు తేల్చడానికి ఎద్దు పళ్లు చూస్తూ ‘ఈ సర్టిఫికెట్ చెల్లదు’ అంటున్నారు. ఆయన మారేదాకా ఇంటికి రానని మా అబ్బాయి చెప్పేశాడు. మా అత్తగారేమో ‘మన జిల్లాలో మేష్టర్లే అడవుల్లోకి పోయారు, ఇదెంత’ అంటారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఆ వీడియోలో మీవారు డ్రైవర్ వైపు చూడలేదు. ఆ గుంపుకి ఆయనతో పని ఆ సర్టిఫికెట్ మాట దగ్గరే. పశువుల్ని లారీలో తరలించాలంటే పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. అది చెల్లదని ఒక డాక్టరే అంటే, కొట్టేవాళ్లకి చట్టం తమవైపే ఉందన్న ధీమా వస్తుంది. కాగితంలో తప్పుంటే పోలీసులకి చెప్పాలి గానీ, బండి ఆపి మనిషిని కొట్టే హక్కు ఎవరికీ లేదు. గోరక్షణ పేరుతో జరిగే మూకదాడుల గురించి సుప్రీంకోర్టు 2018లోనే గట్టిగా చెప్పింది, వాటిని అడ్డుకునే బాధ్యత చూడడానికి జిల్లాకో నోడల్ అధికారిని పెట్టమంది.

ఇక ఆయన సంగతి. దూడ అడ్డం తిరిగిందంటే అర్ధరాత్రి బండి తీసిన మనిషికి రిటైరయ్యాక ఫోన్లు ఆగిపోయి ఉంటాయి. ఇప్పుడు మళ్లీ మోగుతోంది, ‘డాక్టర్ గారూ, మీరు రావాల్సిందే’ అంటున్నారు. ఇది తెలుసుకోండి, కానీ దీన్ని సాకుగా ఒప్పుకోకండి.

మతం గురించి వాదనకి దిగకండి. అలాంటి వాదనకి కావలసిన సరుకు ఫోన్‌లో రోజూ దిగుతూనే ఉంటుంది, మీరు నెగ్గలేరు. ఆయన వృత్తిలోంచి అడగండి: ‘ఆ రాత్రి ఎడ్లకి నీళ్లు ఎవరు పెట్టారు? తెల్లారేదాకా లారీలోనే ఉన్నాయా? దెబ్బలు తిన్నవాణ్ణి ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారు?’ అడిగి ఊరుకోండి. వెంటనే జవాబు రాకపోయినా ఫరవాలేదు.

పెన్షన్ మాట కూడా నిక్కచ్చిగా చెప్పండి. మన రాష్ట్ర పెన్షన్ నిబంధనల్లో 8వది ప్రకారం, పెన్షనరుకి తీవ్రమైన నేరంలో శిక్ష పడితే పెన్షన్ ఆపేయవచ్చు. అయిదుగురు లేదా అంతకు మించి కలిసి కులం, సముదాయం, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో మనిషిని చంపితే, భారతీయ న్యాయ సంహిత 103(2) కింద గుంపులో ప్రతి ఒక్కరికీ యావజ్జీవం లేదా మరణశిక్ష. నేను పళ్లే చూశానంటే కోర్టు వింటుందని నేననుకోను.

మీ అత్తగారితో గొడవ వద్దు. శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మేష్టర్లన్నది నిజమే. 1970 జులైలో ఇద్దరూ పోలీసుల చేతిలో పోయారన్నదీ నిజమే. వాళ్లు గిరిజనుల భూమి కోసమని వెళ్లారు. లారీ డ్రైవర్ని కొట్టడానికి ఆ పోలిక ఎలా కుదురుతుందో, ఆ తర్వాత ఇళ్లల్లో ఆడవాళ్లు ఎలా బతికారో ఆవిడనే అడగండి.

మీ అబ్బాయిని రమ్మనండి. తండ్రి మారాక రావడం కాదు, ఇప్పుడే రావాలి. రాజకీయం ఎత్తకుండా ఆయన్ని పాత ఊళ్లకి తిప్పమనండి. రిజిస్ట్రేషన్ ఉన్న పశువైద్యుడు రిటైరయ్యాకా వైద్యం చేసుకోవచ్చు, మాయ పడని గేదెలకి కొరత లేదు.

మీటింగులు మీ ఇంట్లో పెట్టనివ్వకండి, కర్రలు దాచనివ్వకండి. నిద్ర పట్టని రాత్రి 14416కి ఫోన్ చేసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లతో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫలానా చోట ఎవరినో కొట్టబోతున్నారని ముందే తెలిస్తే మాత్రం ఆయన కోపానికి భయపడి ఆగకండి, 112కి ఫోన్ చేయండి.