కంప్యూటర్ సందేహాలు: ఎక్సెల్ పట్టికలో శీర్షికలు కుదురుగా ఉండాలంటే

ప్రశ్న: అయ్యా, నేను నల్గొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. తొమ్మిదో తరగతి మార్కుల పట్టికను ఎక్సెల్‌లో తయారు చేస్తున్నాను. ఆరు సబ్జెక్టులు, ఒక్కో దాని కింద ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (ఎఫ్‌ఎ) పేరిట ఎఫ్‌ఎ1 నుంచి ఎఫ్‌ఎ4 వరకు నాలుగేసి పరీక్షలు ఉండటంతో మార్కులకే 24 కాలమ్‌లు అయ్యాయి. సబ్జెక్టు పేరు నాలుగు గడుల మీదుగా మధ్యలో రావాలని వాటిని మెర్జ్ చేశాను. ఇప్పుడు మొత్తం మార్కుల క్రమంలో పేర్లను అమర్చబోతే, కలిపిన గడులన్నీ ఒకే పరిమాణంలో ఉండాలంటూ ఎక్సెల్ ఆగిపోతోంది. పైగా శీర్షికల్లో తెలుగు వత్తులు సగానికి తెగి కనిపిస్తున్నాయి. దయచేసి మార్గం చెప్పగలరు.

జవాబు: మీ ఇబ్బందికి మూలం మెర్జ్ అండ్ సెంటర్ అనే బొత్తమే. అది హోమ్ ట్యాబ్‌లో కంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే నొక్కుతారు. నాలుగు గడులను కలిపి ఒక్కటి చేసిన తరువాత ఎక్సెల్ దృష్టిలో మిగిలిన మూడు గడులూ ఖాళీవే కనుక, వరుసలను మార్చి అమర్చేటప్పుడూ, ఒక్క కాలమ్‌ను మాత్రమే ఎంచుకోవాలనుకున్నప్పుడూ అది అడ్డం తిరుగుతుంది. ముందుగా మెర్జ్ చేసిన గడులను ఎంచుకుని అదే బొత్తాన్ని మళ్లీ నొక్కి విడదీయండి. సబ్జెక్టు పేరు నాలుగింటిలో మొదటి గడిలో మిగులుతుంది, తక్కిన మూడింటినీ ఖాళీగానే ఉంచండి. ఆ నాలుగు గడులను ఎంచుకుని కంట్రోల్, 1 మీటలను కలిపి నొక్కితే ఫార్మాట్ సెల్స్ పెట్టె తెరుచుకుంటుంది. అందులో అలైన్‌మెంట్ ట్యాబ్‌లో హారిజాంటల్ అన్న చోట సెంటర్ అక్రాస్ సెలెక్షన్ అనే ఎంపిక ఉంటుంది. చూపుకు ఫలితం మెర్జ్ చేసినట్టే ఉంటుంది, గడులు మాత్రం దేనికదే విడిగా ఉంటాయి. ఇంత ఉపయోగపడే సదుపాయానికి పైన ఒక బొత్తమైనా లేకపోవడం వల్లనే చాలామందికి దీని సంగతి తెలియదు. ఇది అడ్డంగా మాత్రమే పనిచేస్తుంది, నిలువుగా పనిచేయదు. కాబట్టి క్రమ సంఖ్య, విద్యార్థి పేరు వంటి వాటికి పై గడిని వదిలేసి కింది గడిలోనే శీర్షిక రాసుకోండి.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టం చేసుకోవాలి. శీర్షికను మనిషీ చదువుతాడు, ఎక్సెల్ కూడా చదువుతుంది. పాఠశాల పేరు, సబ్జెక్టుల పేర్లు మనిషి కోసం రాసేవి కనుక వాటిని ఒకటి, రెండు వరుసల్లో మీకు నచ్చిన తీరులో అలంకరించుకోవచ్చు. మూడో వరుసను మాత్రం ఎక్సెల్‌కు వదిలిపెట్టండి: ప్రతి కాలమ్‌కూ ఒక్కో గడిలో ఒక్కో పేరు, ఏ గడీ ఖాళీగా మిగలకుండా, ఒకసారి వాడిన పేరు మరోసారి రాకుండా ఉండాలి. ఆ వరుస నుంచి చివరి విద్యార్థి వరకు ఎంచుకుని కంట్రోల్, టి నొక్కి, శీర్షికలు ఉన్నాయన్న చోట టిక్కు పెట్టి టేబుల్‌గా మార్చుకుంటే, పై రెండు వరుసలూ దాని పరిధిలోకి రావు. అప్పుడు మార్కుల క్రమంలో అమర్చినా, ఫిల్టర్ పెట్టినా వాటికి ఏమీ కాదు.

మీ పట్టికలో ఒకే పేరు రెండుసార్లు రాకూడదన్న నియమానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ఆరు సబ్జెక్టుల కిందా ఎఫ్‌ఎ1 అనే రాసి టేబుల్‌గా మార్చితే, రెండోసారి వచ్చిన పేరును గుర్తించడానికి ఎక్సెల్ చివర 2 చేర్చి ఎఫ్‌ఎ12 అని, మూడోసారి వచ్చినదాన్ని ఎఫ్‌ఎ13 అని మార్చేస్తుంది. పన్నెండో పరీక్ష ఎప్పుడు జరిగిందని ప్రధానోపాధ్యాయులు అడిగితే చెప్పుకోవడం కష్టం! తె1, హిం1, ఇం1, గ1, సై1, సాం1 అని సబ్జెక్టు తొలి అక్షరంతో కలిపి రాసుకుంటే పేర్లు వేరువేరుగానూ ఉంటాయి, కాలమ్‌లు కూడా సన్నగా సరిపోతాయి.

ఇక వత్తుల సంగతి. ఎక్సెల్‌లో పాత వెర్షన్లలో సాధారణంగా ఉండే కాలిబ్రి ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. విండోస్ వాటికి బదులుగా తన దగ్గరున్న తెలుగు ఫాంటును తెచ్చి చూపిస్తుంది, అయితే కాలిబ్రి 11 పరిమాణానికి తగినట్టు 15 పాయింట్లుగా నిర్ణయించిన వరుస ఎత్తు, పైన గుడులూ కింద వత్తులూ ఉండే మన లిపికి చాలకపోవచ్చు. అందుచేత శీర్షికల వరుసకు నిర్మలా యూఐ వంటి తెలుగు ఫాంటును మీరే ఎంచి, వరుస అంకె కింది గీత మీద రెండుసార్లు క్లిక్ చేయండి. ఎత్తు దానంతటదే సరిపడుతుంది. అప్పటికీ ఇరుకుగా అనిపిస్తే ఎత్తును 27, 30 పాయింట్లకు పెంచి, వర్టికల్ అన్న చోట సెంటర్ పెట్టండి. మెర్జ్ చేసిన గడుల విషయంలో ఈ సర్దుబాటు జరగదు, మీ వత్తులు తెగడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. గౌతమి, వాణి ఫాంట్లు కావాలనుకునేవారు విండోస్ 10లో ఆప్షనల్ ఫీచర్స్ నుంచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌ను చేర్చుకోవాలి.

బోల్డ్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. చిన్న పరిమాణంలో తెలుగును బోల్డ్ చేస్తే థ, ఠ వంటి అక్షరాల కడుపులోని చుక్క మసకబారి, ముద్రణలో ధ, ర లాగా కనిపించే ప్రమాదం ఉంది. బోల్డ్ చేసే బదులు అక్షర పరిమాణాన్ని ఒక పాయింటు పెంచి, వెనుక లేత రంగు వేస్తే శీర్షిక తగినంత ప్రత్యేకంగా కనిపిస్తుంది. ముదురు నీలం మీద తెల్లని అక్షరాలు తెర మీద అందంగానే ఉంటాయి, జిరాక్స్ తీసేసరికి మాత్రం మసి పూసినట్టు తయారవుతాయి. పేర్ల కాలమ్‌కు శీర్షికను ఎడమ వైపుకూ, అంకెల కాలమ్‌కు కుడి వైపుకూ జరపండి, ఎందుకంటే కింద ఉన్న సమాచారం ఏ అంచున ఉంటే శీర్షిక కూడా ఆ అంచునే ఉన్నప్పుడు చూపు తడబడదు.

పొడవైన శీర్షిక తప్పనిసరి అయితే దాన్ని గడిలోనే కింది పంక్తిలోకి మడిచే వ్రాప్ టెక్స్ట్ వాడండి. ఆల్ట్, ఎంటర్ నొక్కి కోరిన చోట పంక్తిని విరవవచ్చు గానీ, ఆ విరుపు కంటికి కనిపించని గుర్తుగా పేరులో భాగమైపోతుంది. ‘మొత్తం మార్కులు’ అనే శీర్షికను మ్యాచ్ సూత్రంతో వెతికితే, రెండు పదాల నడుమ ఖాళీకి బదులు ఆ గుర్తు ఉన్నందున దొరకలేదంటుంది. కనుక దాన్ని పై రెండు వరుసలకే పరిమితం చేయండి. 24 కాలమ్‌లు ఏ4 కాగితంలో పట్టకపోతే, ఓరియెంటేషన్‌లో 90 డిగ్రీలు ఇచ్చి శీర్షికలను నిలబెట్టవచ్చు. 45 డిగ్రీలు ఇస్తే గడుల గీతలు కూడా ఏటవాలుగా మారతాయి, నాకైతే అది చిందరవందరగా తోస్తుంది.

ప్రశ్న: మా పాల సంఘం సభ్యుల జాబితా ముద్రిస్తే అనేక పేజీలు వస్తోంది. మొదటి పేజీలో తప్ప మరెక్కడా శీర్షికలు రావడం లేదు. శీర్షికలను కదలకుండా నిలిపే ఫ్రీజ్ పేన్స్ పెట్టినా ఫలితం లేదు. - ఒక గుమస్తా, చిత్తూరు జిల్లా

జవాబు: ఎక్సెల్‌లో ఫ్రీజ్ పేన్స్ తెరకు మాత్రమే పనిచేస్తుంది, కాగితానికి దానితో సంబంధం లేదు. పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లో ప్రింట్ టైటిల్స్ నొక్కి, రోస్ టు రిపీట్ ఎట్ టాప్ అన్న గడిలో క్లిక్ చేసి, షీటులో శీర్షికల వరుసలను మౌస్‌తో ఎంచుకోండి. ప్రింట్ తెరలో కనిపించే పేజ్ సెటప్ నుంచి వెళితే ఆ గడి బూడిద రంగులో మూసి ఉంటుంది. చాలామంది అక్కడికే వెళ్లి, తమ ఎక్సెల్‌లో ఏదో లోపం ఉందనుకుంటారు. ప్రతి షీటుకూ దీన్ని విడిగా అమర్చాలి. లిబ్రేఆఫీస్ కాల్క్ వాడేవారికి ఇదే సదుపాయం ఫార్మాట్ మెనూలోని ప్రింట్ రేంజెస్‌లో, ఎడిట్ అన్న చోట ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో మాత్రం ఫ్రీజ్ చేసిన వరుసలనే ప్రతి పేజీలోనూ ముద్రించమని ప్రింట్ తెరలో చెప్పవచ్చు.

తెరకు సంబంధించి మరొక మాట. రెండు మూడు వరుసలను, వాటితో పాటు పేర్ల కాలమ్‌ను కూడా నిలిపి ఉంచాలంటే, శీర్షికలకు సరిగ్గా కింద, పేర్లకు సరిగ్గా కుడి పక్కన ఉన్న గడిని ఎంచుకుని అప్పుడు ఫ్రీజ్ పేన్స్ నొక్కాలి.

ప్రశ్న: మా దుకాణం పాత సరుకుల పట్టికలో శీర్షికలన్నీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంటులో ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లో అవి అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తున్నాయి. - ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: ‘అను’ ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి సంకేత పద్ధతికి, చెందినవి కావు. గడిలో నిజంగా దాగి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, ఆ ఫాంటు వాటికి తెలుగు ఆకారాన్ని తొడుగుతుంది. ఫాంటు లేని చోట ఆ తొడుగు ఊడిపోతుంది, ఫాంటు ఉన్నా తెలుగులో వెతకడం గానీ, అకారాది క్రమంలో అమర్చడం గానీ సాధ్యం కాదు. వందల సరుకుల పేర్లకైతే మార్పిడి సాధనం కావాలి, శీర్షికల వరకైతే మళ్లీ టైపు చేయడమే సులువు. విండోస్ భాషల అమరికలో తెలుగును చేర్చుకుంటే కీబోర్డు సిద్ధంగా ఉంటుంది. ఆ పట్టికను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా) భద్రపరచవలసి వస్తే సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీని ఎంచుకుంటే తెలుగు శీర్షికలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, ఫైలును మూసేసిన తరువాత వాటిని తిరిగి రాబట్టే మార్గం లేదు.