స్లాక్ కీ గిటార్‌లో మెక్సికో ప్రభావం, శ్రుతి సమస్య

మామూలు గిటార్ శ్రుతిలో స్లాక్ కీ (తీగలను వదులు చేసి వాయించే హవాయి గిటార్ శైలి) నాదం రావడం లేదనీ, ఈ శైలి మెక్సికోదే అయితే శ్రుతి ఎందుకు మార్చాలనీ మీరు అడిగారు. హవాయిలో మూడవ కమెహమెహా రాజు కాలంలో, 1830ల ప్రాంతంలో, పశువుల మందలను అదుపు చేయడానికి వచ్చిన మెక్సికన్ పశుపాలకులు గిటార్‌ను తెచ్చారని చెబుతారు. అయితే తీగలను వదులు చేసి, తమ గానానికి అనువైన శ్రుతులను రూపొందించుకున్నది హవాయి వాద్యకారులే. కాబట్టి ఆరవ, మొదటి తీగలను ‘ఇ’ నుంచి ‘డి’కి, ఐదవ తీగను ‘ఎ’ నుంచి ‘జి’కి దించండి. ఏ తీగనూ నొక్కకుండా మీటినప్పుడు జి మేజర్ కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) పలికితే శ్రుతి సరిగా కుదిరినట్లే. ఆపై బొటనవేలితో మంద్ర తీగలపై లయను నిలుపుతూ, మిగతా వేళ్లతో హెచ్చు స్థాయిలో పలికే సన్నని తీగలపై పాటను నడపండి. మెక్సికో ఛాయ నా దృష్టిలో శ్రుతిలో కన్నా లయలోనే స్పష్టంగా ఉంటుంది. హవాయి స్లాక్ కీ వాద్యకారుడు సన్నీ చిల్లింగ్‌వర్త్ వాయించే తీరు అందుకు మంచి ఉదాహరణ.